సాంకేతిక కంపెనీల ఇంటర్వ్యూలు: అభ్యర్థి వైపు నుంచి ఒక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సాంకేతిక కంపెనీల ఎంపిక పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• అభ్యర్థిని సిద్ధం చేసే ఖర్చు ఏ దశలో ఎవరి మీద పడిందో గుర్తించగలుగుతారు.
• అభ్యర్థుల జ్ఞాపకాలను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు తెలుసుకుంటారు.

1. ఉపోద్ఘాతం

జలదంకి మండలం నెల్లూరు జిల్లాలో, ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూకు బయలుదేరిన అభ్యర్థి ముందు కావలికి బస్సు ఎక్కాలి. కావలిలో చెన్నైకో, హైదరాబాదుకో రైలు పట్టుకోవాలి. ఇంటర్వ్యూ అరగంటలో ముగియవచ్చు. ఆ అరగంటకు ముందు ప్రయాణం, బస, జిరాక్సు కాగితాలు, నెలల తరబడి కోచింగ్ ఉంటాయి.

సమాచార సాంకేతిక రంగం చరిత్ర అనగానే మనకు భవనాలు, ఎగుమతులు, ముఖ్యమంత్రులు, కంపెనీ అధిపతులు గుర్తుకు వస్తారు. గది బయట కుర్చీలో కూర్చున్న అభ్యర్థి గుర్తుకు రాడు. ఈ పాఠం ఆ అభ్యర్థి వైపు నుంచి ఒక్క ప్రశ్న వేస్తుంది: ఒక మనిషిని ఇంటర్వ్యూకు సిద్ధం చేసే ఖర్చు ఏ కాలంలో ఎవరు భరించారు? దీనికి జవాబు తెలిస్తే, ఎవరు లోపలికి వెళ్లారో, ఎవరు గడప దగ్గరే ఆగిపోయారో చాలావరకు అర్థమవుతుంది.

2. ఎడిసన్ ప్రశ్నపత్రం

ఉద్యోగానికి వచ్చినవారిని ప్రశ్నలతో వడపోయడం సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో థామస్ ఎడిసన్ తన సంస్థలో చేరదలచినవారికి నూట నలభైకి పైగా ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టేవాడు. భూగోళం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం అన్నీ అందులో ఉండేవి. పట్టభద్రులలో కూడా ఎక్కువమంది తప్పారు. 1921లో, పరీక్ష తప్పిన అభ్యర్థులు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలు పత్రికలకు ఎక్కాయి. దేశమంతా చర్చ జరిగింది. ఆ ఏడాదే అమెరికాకు వచ్చిన ఐన్‌స్టీన్‌ను ధ్వని వేగం ఎంత అని అడిగితే, పుస్తకాల్లో దొరికే విషయాన్ని తాను జ్ఞాపకం పెట్టుకోనని చెప్పాడు.

ఈ ఉదంతంలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, పరీక్ష దేనిని కొలుస్తున్నదన్న సందేహం మొదటి నుంచీ ఉంది. రెండు, తప్పినవారే ఆ ప్రశ్నలను బయటి ప్రపంచానికి అందించారు. తరువాతి కాలంలో మన విద్యార్థులు చేతులు మార్చుకున్న పాత ప్లేస్‌మెంట్ పేపర్లకు మూలం ఇలాంటి జ్ఞాపకమే.

3. పిలుపు ఉత్తరం కాలం

మన ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం అంటే మొదట ప్రభుత్వ రంగ ఉద్యోగమే. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1967లో ఏర్పడింది. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్లినప్పుడు దాని కంప్యూటర్ల నిర్వహణను సి.ఎం.సి. అనే ప్రభుత్వ సంస్థ చేపట్టింది. ఇటువంటి సంస్థలలో ఉద్యోగానికి దారి పత్రికా ప్రకటన, పోస్టులో దరఖాస్తు, గజిటెడ్ అధికారి ధ్రువీకరించిన నకళ్లు, రాత పరీక్ష, చివరికి బోర్డు ముందు ఇంటర్వ్యూ.

పిలుపు ఉత్తరం అందుకున్న అభ్యర్థికి కొన్ని సంస్థలు రైలు ఛార్జీ కూడా ఇచ్చేవి. ఎంపికైన తరువాత శిక్షణ సంస్థే ఇచ్చేది. అంటే సిద్ధం చేసే ఖర్చులో పెద్ద భాగం యజమానిదే. అయితే ఆ ఉద్యోగాలు చాలా తక్కువ. ఇంజనీరింగ్ సీట్లూ తక్కువే. పల్లె విద్యార్థి ఆ గడప వరకు చేరడమే అరుదు.

4. క్యాంపస్ కాలం

1991 ఆర్థిక సంస్కరణలు, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు, 2000 సంవత్సరపు తేదీ సమస్య కలిసి ఈ రంగాన్ని ఒక్కసారిగా విస్తరింపజేశాయి. 1998 నవంబరు 22న హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంపెనీలకు వేలమంది కావలసి వచ్చారు. అంతమంది కంప్యూటర్ పట్టభద్రులు లేనందువల్ల సివిల్, మెకానికల్ చదివినవారినీ తీసుకున్నారు. చదివిన విషయం కంటే నేర్చుకోగల శక్తిని చూస్తామన్నారు. అందుకే పరీక్షలో లెక్కల పజిళ్లు ఉండేవి. ఇన్ఫోసిస్ పరీక్ష రాయబోయే విద్యార్థులు శకుంతలా దేవి పజిళ్ల పుస్తకాలు వెతికి సాధన చేసేవారు. ఎంపికైనవారికి జీతమిచ్చి శిక్షణ కూడా కంపెనీయే ఇచ్చేది. ఇన్ఫోసిస్ మైసూరు కేంద్రం ఆ పద్ధతికి పెద్ద నిదర్శనం.

లెక్కలు వచ్చిన గ్రామీణ విద్యార్థికి ఈ దశ మేలు చేసింది. అడ్డంకి తరువాతి అంచెలో ఎదురైంది. బృంద చర్చలో గట్టిగా మాట్లాడాలి. హెచ్.ఆర్. గదిలో ‘మీ గురించి చెప్పండి’ అన్నదానికి ఇంగ్లీషులో జవాబివ్వాలి. మన ఇళ్లలో పెద్దల ముందు తన గురించి తాను చెప్పుకోవడం మర్యాద అనిపించుకోదు. ఇక్కడ అదే అర్హత అయింది.

సిద్ధపడని ప్రశ్న ఎవరినైనా తడబడేలా చేస్తుందనడానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ చూడండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆ ఇంటర్వ్యూలో రిచర్డ్ టెయిట్ అనే మేనేజరు, వీధిలో పడి ఏడుస్తున్న బిడ్డ కనిపిస్తే ఏం చేస్తావని అడిగారు. అత్యవసర సహాయ నంబరుకు ఫోన్ చేస్తానని నాదెళ్ల జవాబిచ్చారు. ముందు బిడ్డను ఎత్తుకోవాలని టెయిట్ ఆయనకు చెప్పి పంపారు. అయినా ఉద్యోగం వచ్చింది. 2014లో ఆయనే ఆ కంపెనీ అధిపతి అయ్యారు. 2017లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి ఆయనే రాశారు. ఒక్క జవాబుతో మనిషిని కొలవలేమని ఈ అనుభవం చెబుతున్నది. అయితే హైదరాబాదు పబ్లిక్ స్కూలు, మణిపాల్, అమెరికా చదువు వెనుక ఉన్న అభ్యర్థికి ఒక జవాబు తప్పినా మిగతా గంటలు ఉంటాయి. ఆ అండలేని అభ్యర్థికి తడబాటే చివరి మాట కావచ్చు.

5. అమీర్‌పేట: ఖర్చు చేతులు మారింది

2000 తరువాత ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వందల సంఖ్యలో పెరిగాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేద కుటుంబాలకు ఆ తలుపు తెరిచింది. పట్టాలు పెరిగాయి కాని కంపెనీలు అన్ని కళాశాలలకూ రాలేదు. క్యాంపస్‌కు ఎవరూ రాని కళాశాల విద్యార్థి హైదరాబాదులో అమీర్‌పేటకు చేరాడు. మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్, టెస్టింగ్ కోర్సులు, హాస్టళ్లు, జిరాక్సు నోట్సు, నమూనా ఇంటర్వ్యూలు వెలిశాయి. అర్థం కానిదాన్ని తెలుగులో విడమరచి చెప్పే గురువులు అక్కడ దొరికేవారు.

ఈ మార్పును జాగ్రత్తగా గమనించండి. కంపెనీ ఇచ్చే శిక్షణను అభ్యర్థి తన డబ్బుతో ముందే కొనుక్కోవలసి వచ్చింది. కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె, ఉద్యోగం లేని నెలల తిండి ఖర్చు ఇంటిమీద పడ్డాయి. ఈ భారాన్ని కొంత తగ్గించడానికి ప్రభుత్వం జవహర్ నాలెడ్జ్ సెంటర్లు నెలకొల్పింది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

మరోవైపు, లేని అనుభవాన్ని కాగితం మీద చూపించే అలవాటు కూడా పుట్టింది. దానికి ప్రతిగా కంపెనీలు పూర్వ వివరాల తనిఖీని కఠినం చేశాయి. 2006లో నాస్కామ్ ఉద్యోగుల వివరాలకు జాతీయ నైపుణ్య రిజిస్ట్రీని మొదలుపెట్టింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలు తారుమారు చేసినట్లు ఒప్పుకున్నారు. అభ్యర్థి కాగితాలను శోధించే రంగంలో, కంపెనీ కాగితాలే అబద్ధమని ఆ రోజు తేలింది.

6. ఏ పద్ధతి న్యాయమైనది?

పజిళ్ల మీద కంపెనీలకే నమ్మకం పోయింది. అటువంటి ప్రశ్నలు మంచి ఉద్యోగిని గుర్తించలేవని గూగుల్ మానవ వనరుల అధిపతి లాజ్లో బాక్ 2013లో బహిరంగంగా చెప్పారు. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే నిర్ణయించిన కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, ఇష్టం వచ్చినట్లు సాగే సంభాషణ కంటే నమ్మదగినదని ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998లోనే చూపారు. ఇప్పుడు మొదటి అంచెలు చాలావరకు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. జలదంకి అభ్యర్థికి రైలు ఖర్చు మిగిలింది. దాని స్థానంలో మంచి కంప్యూటరు, తెగిపోని నెట్ కనెక్షన్, చప్పుడు లేని గది అవసరమయ్యాయి.

7. దూరవిద్య అభ్యర్థి

కాంటాక్ట్ తరగతులలో నన్ను విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఇది: ‘సార్, మా డిగ్రీ చెల్లుతుందా?’ యు.జి.సి. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. యు.జి.సి. 2020 నిబంధనలలో ఈ మాట స్పష్టంగా ఉంది. 2022లో యు.జి.సి. దానిని మళ్లీ ప్రకటించింది. అయినా కొన్ని పెద్ద కంపెనీల అర్హత నియమాలు పూర్తికాల కోర్సులనే అడుగుతాయి, చదువులో ఖాళీ సంవత్సరాలకు పరిమితి పెడతాయి. పొలం పని వల్లనో, పెళ్లి వల్లనో చదువు ఆపి మళ్లీ మొదలుపెట్టినవారు ఇంటర్వ్యూ గది చూడకముందే జాబితా నుంచి తొలగిపోతారు. వారి ప్రతిభను ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి దరఖాస్తుకు ముందు అర్హత నియమాలు పూర్తిగా చదవండి. ఒక నియమం వల్ల ఆగిపోతే దానిని మీ తెలివికి తీర్పుగా భావించకండి.

8. ఆధారాలతో జాగ్రత్త

ఇంటర్వ్యూ అనుభవాలను మనకు ఎక్కువగా చెప్పేవారు గెలిచినవారు. తిరిగి వచ్చినవారు మౌనంగా ఉంటారు. ఎడిసన్ పరీక్ష గురించి మనకు ఇంత తెలియడానికి కారణం తప్పినవారు మాట్లాడటమే. చరిత్ర విద్యార్థిగా మీరు ఇద్దరినీ అడగాలి. సంవత్సరం, ఊరు, ప్రయాణం, ఖర్చు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది నమోదు చేయాలి. చెప్పినవారి అనుమతి లేకుండా పేర్లు రాయకూడదు.

9. సారాంశం

ప్రభుత్వ రంగ కాలంలో అభ్యర్థిని సిద్ధం చేసే ఖర్చులో పెద్ద భాగం సంస్థది. క్యాంపస్ కాలంలో అది కంపెనీది. అమీర్‌పేట కాలంలో చాలావరకు కుటుంబానిది, కొంత ప్రభుత్వానిది. ఖర్చు కుటుంబం మీదికి జరిగినకొద్దీ దూరపు ఊళ్ల అభ్యర్థి నష్టపోయాడు. ఇంటర్వ్యూ ప్రతిభను కొలుస్తుంది. దానితోపాటు ఆ గదికి అభ్యర్థి ఎంత దగ్గరలో పెరిగాడన్నది కూడా కొలుస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం మీరు ఈ పాఠం నుంచి నేర్చుకోవలసిన విషయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రభుత్వ రంగ ఎంపికకూ, క్యాంపస్ ఎంపికకూ గల తేడాలు రాయండి.
2. అమీర్‌పేట శిక్షణ సంస్థలు ఏ లోటును పూరించాయి? దానికి ఎవరు మూల్యం చెల్లించారు?
3. మీ మండలంలో సాంకేతిక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లిన ఇద్దరిని, ఒకరు ఎంపికైనవారు, మరొకరు కానివారు, కలిసి వారి అనుభవాలను రెండు పేజీలలో పోల్చండి.