రైనోప్లాస్టీ: పేరు గ్రీకుది, పని పాతది

ప్లాస్టిక్ సర్జరీ అనగానే ముక్కులో ప్లాస్టిక్ పెడతారనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు అర్థం మనింటి బిందెల ప్లాస్టిక్ కాదు. గ్రీకులో ‘ప్లాస్టికోస్’ అంటే మలచడానికి సంబంధించినది. ‘రిస్’ అంటే ముక్కు. ఆ రెండూ కలిస్తే రైనోప్లాస్టీ. జర్మన్ వైద్యుడు కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రాఫే 1818లో రాసిన పుస్తకానికి ‘రైనోప్లాస్టిక్’ అనే పేరే పెట్టాడు.

పని మాత్రం అంతకన్నా ఎంతో పాతది. శూర్పణఖ కథ తెలిసిన దేశంలో ముక్కు కోయడం ఒకప్పుడు నిజంగానే ఒక శిక్షగా ఉండేది. తెగిన ముక్కు కొలతకు ఆకు కత్తిరించి, ఆ మేరకు చెంప చర్మం తీసి అతికించాలని సుశ్రుత సంహిత చెబుతుంది. ఊపిరాడేందుకు రెండు గొట్టాలూ అమర్చాలంటుంది. పుణె ప్రాంతంలో ఒక వైద్యుడు నుదుటి చర్మంతో ఎడ్లబండివాడు కవాస్జీకి ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దాని స్ఫూర్తితోనే జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో ఆ చికిత్స చేశాడు. పేరు తెలియని ఆ పుణె వైద్యుడికి చరిత్ర ఎంతో రుణపడింది.

అందం కోసం చేసే నేటి శస్త్రచికిత్సలో కోత నాసికారంధ్రాల లోపలే పెడతారు, లేదా వాటి మధ్య స్తంభం మీద కూడా చిన్న గాటు పెట్టి చర్మం పైకెత్తుతారు. ఎముక బొడిపెను అరగదీస్తారు. చాలకపోతే ముక్కు మధ్యగోడ, చెవి లేదా పక్కటెముక నుంచి మృదులాస్థి తెచ్చి ఆసరా ఇస్తారు.

ముక్కు పైన వేసే కట్టు సుమారు వారం ఉంటుంది. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టవచ్చు. అద్దంలో తుది తీర్పు అప్పటిదాకా ఇవ్వకండి.