ఉత్తరాలకు జవాబిచ్చిన ఇల్లు

మా ఆడవాళ్ల గురించి రాయని పత్రిక తెలుగులో లేదు. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు రాశారు. 1986లో ఆ తీర్పుకు విరుగుడుగా చట్టం చేసినప్పుడు రాశారు. 2017లో ముమ్మారు తలాఖ్ మీద తీర్పు వచ్చినప్పుడు, 2019లో చట్టం వచ్చినప్పుడు మళ్లీ రాశారు. బురఖా బొమ్మ వేశారు. పక్కన పెద్ద అక్షరాలతో హెడ్డింగు పెట్టారు. ఆ బురఖాలో ఉన్న మనిషిని ‘నీ కష్టమేందమ్మా?’ అని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా, విన్నాక తిరిగి ఒక మంచిమాట చెప్పి వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. వార్త పట్టుకుని వెళ్లిపోతారు. కష్టం మా ఇంట్లోనే ఉండిపోతుంది.

వార్త రాసేది విలేకరి, కష్టం విని దారి చెప్పేది కౌన్సెలర్ అని ఇవాళ పనులు పంచుకున్నారు. ఈ రెండు పనుల్నీ ఒకే బల్ల మీద పెట్టుకుని నడిపిన చిన్న సంస్థ ఒకటి మా చరిత్రలో ఉంది. అది 1898లో లాహోర్‌లో మొదలైన ‘తహ్‌జీబె నిస్వాన్’ అనే ఉర్దూ వారపత్రిక. దాని సంపాదకురాలు ముహమ్మదీ బేగం. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఉర్దూలో పత్రికకు సంపాదకత్వం వహించిన మొదటి స్త్రీగా ఆమెను చెప్పుకుంటారు.

ఈ పేరు మనకెందుకు తెలియదు? బడిలో మనకు చెప్పిన చరిత్రలో ముస్లిం అంటే గజనీ మహమ్మదు, ఔరంగజేబు, నిజాము, రజాకార్లు. ఆడవాళ్లు కావాలంటే రజియా సుల్తానా, నూర్జహాన్. వీళ్లు కాకపోతే జనానా. తెలుగువాళ్లకు అనార్కలి తెలుసు, 1955లో సినిమా కూడా వచ్చింది. ఆ కథను 1922లో ఉర్దూ నాటకంగా రాసిన ఇంతియాజ్ అలీ తాజ్ తల్లే ఈ ముహమ్మదీ బేగం. గోడలో సమాధి అయిన ఆడది అందరికీ తెలుసు. గోడల వెనకున్న ఆడవాళ్లను మాట్లాడించిన ఆడది ఎవరికీ తెలియదు.

ముహమ్మదీ బేగం భర్త సయ్యద్ ముంతాజ్ అలీ దేవబంద్‌లో చదువుకున్న మనిషి. మతాన్ని వదిలిపెట్టి సంస్కర్త అయినవాడు కాదు. మగవాడు ఎక్కువ, ఆడది తక్కువ అనే మాటకు ఖురాన్‌లో ఆధారం లేదని వాదిస్తూ ‘హుఖూఖె నిస్వాన్’ - స్త్రీల హక్కులు - అనే పుస్తకం రాశాడు. స్త్రీల చదువు, పరదా, పెళ్లి, ఆలుమగల సంబంధం, అన్నిటినీ అందులో చర్చకు పెట్టాడు. రాతప్రతిని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు చూపిస్తే, అలీగఢ్ కాలేజీ పెట్టిన ఆ పెద్దాయన కోపంతో చించి చెత్తబుట్టలో వేశాడని చెబుతారు. ముంతాజ్ అలీ ఆ ముక్కల్ని ఏరుకుని వచ్చాడు. సర్ సయ్యద్ 1898 మార్చిలో చనిపోయాడు. ఆ తర్వాత అదే ఏడాది పుస్తకం అచ్చయింది. జులైలో పత్రిక మొదలైంది. తమాషా ఏమంటే పత్రికకు ఆ పేరు సూచించింది సర్ సయ్యదే. పేరు పెట్టినవాడే ఇలాంటి పత్రిక వద్దని కూడా చెప్పాడు.

పత్రిక నడపటం ఎంత కష్టమో చూడండి. మొదట్లో పేరున్నవాళ్ల ఇళ్లకు ఊరికే పంపారు. చాలా కాపీలు తిరుగు టపాలో వచ్చాయి. కొన్నిటి మీద బూతులు రాసి పంపారు. తమ ఇంటి ఆడవాళ్ల పేరుమీద ఒక కాగితం రావటమే మగవాళ్లకు అవమానంగా తోచింది. మూడు నెలలు గడిచేసరికి చందాదారులు 60, 70 మంది. నాలుగేళ్లకు కూడా మూడు నాలుగు వందలు దాటలేదు. అంతమందితో ఏ పత్రికా బతకదు. సొంత ప్రెస్సు, పుస్తకాల ప్రచురణ ఉన్నాయి గనక బతికింది. ముహమ్మదీ బేగం కొత్త పెళ్లికూతుళ్ల కోసం, ఇల్లు నడుపుకునేవాళ్ల కోసం, ఒకరింటికి ఒకరు వెళ్లినప్పుడు నడుచుకునే తీరు గురించి పుస్తకాలు రాసింది. నవలలూ రాసింది. తల్లుల కోసం ‘ముషీరె మాదర్’ అని ఇంకో పత్రిక పెట్టింది. ముషీర్ అంటే సలహా చెప్పే మనిషి. తను చేసే పనేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు.

పత్రికలో చదువు గురించి, పిల్లల పెంపకం గురించి, పెళ్లిళ్లలో దండగ ఖర్చుల గురించి రాసేవాళ్లు. వాటి పక్కనే పాఠకుల ఉత్తరాలు. ఒకామె తన ఇబ్బంది రాసేది. ఇంకో ఊరి నుంచి మరొకామె జవాబు రాసేది. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ‘తహ్‌జీబీ బహెనే’ - తహ్‌జీబ్ అక్కచెల్లెళ్లు - అయ్యారు. గడప దాటనివాళ్లకు టపా బంట్రోతే వాకిలి.

ఇక్కడ ఒక సంగతి మనం నిదానంగా ఆలోచించాలి. అప్పట్లో చాలామంది సొంత పేరు పెట్టుకోలేదు. ఫలానావారి కూతురు, ఫలానావారి తల్లి అని రాసేవాళ్లు. తర్వాత పేరున్న రచయిత్రి అయిన నజర్ సజ్జాద్ హైదర్ - ఖుర్రతుల్ ఐన్ హైదర్ తల్లి - పెళ్లికి ముందు ‘బింతె నజరుల్ బాఖర్’ అనే రాసింది. నజరుల్ బాఖర్ కూతురు అని అర్థం. పేరు లేకపోవటం అణచివేతే, కాదనటం లేదు. కానీ ఆ చాటు నుంచి తన మాటను తనే రాసింది. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో చాలావరకు తనే నిర్ణయించుకుంది. ఇవాళ మా ఆడపిల్ల పేరు, ఊరు, ఫొటో అన్నీ అచ్చవుతున్నాయి. మాట మాత్రం ఆమెది కాదు. ఏది వార్త కావాలో, ఏది గుండెలో ఉండాలో తేల్చే హక్కు కష్టపడ్డ మనిషిది. ఆ హక్కు ఇచ్చిన చోటే ఆమె నోరు విప్పుతుంది.

ఇది ఉత్తరాది ముచ్చట, మనకేం సంబంధం అనొద్దు. హైదరాబాదులో అంతకుముందే మౌల్వీ ముహిబ్ హుసేన్ ‘ముఅల్లిమె నిస్వాన్’ నడిపాడు. పరదా మీద తీవ్రంగా రాసినందుకు వ్యతిరేకత ఎదురై 1901లో అది ఆగిపోయింది. 1919 నుంచి సుగ్రా హుమాయూన్ మీర్జా ‘అన్నిసా’ పత్రికకు సంపాదకత్వం వహించింది. 1934లో ఆడపిల్లలకు సఫ్‌దరియా బడి పెట్టింది. అటు కోస్తాలో కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ తెచ్చాడు. 1893లో వచ్చిన తెలుగు స్త్రీల పత్రిక పేరే ‘తెలుగు జనానా’. మా ఇళ్లలోని మాటను తలకెత్తుకున్న ఆ తెలుగు పత్రికల చరిత్ర రాసినవాళ్లు, పక్కనే ఉర్దూలో జరుగుతున్న అదే పనిని చూడలేదు. మా పెద్దలూ దాన్ని తెలుగులోకి తేలేదు. ఉర్దూ రాని మాకు, తెలుగే ఇంటిభాషైన దూదేకుల ఇళ్లకు, ఆ వారసత్వం అందకుండా పోయింది.

మా లోపలి మాట కూడా చెప్పుకోవాలి. ఆ పత్రికలు షరీఫ్ ఖాన్‌దాన్ల పత్రికలు. చదువొచ్చిన ఆడవాళ్లు, నౌకర్లున్న ఇళ్లు. పత్తి ఏకిన మా నానమ్మలు, మగ్గం పక్కన కండెలు చుట్టిన మా అమ్మమ్మలు అందులో లేరు. వాళ్లకు పరదా కన్నా ముందు పూట గడవాలి. ముహమ్మదీ బేగాన్ని తలచుకుంటున్నామంటే ఆ ఖాన్‌దాన్లకు సలాం కొట్టటానికి కాదు. ఆమె తెరిచిన కిటికీని మా గుడిసెలకూ పెట్టుకోవటానికి.

ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలైన ‘ప్రమదావనం’ శీర్షికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు ఉత్తరాలకు జవాబులిచ్చింది. ఒక శీర్షిక ఎంతమందికి పుట్టిల్లు కాగలదో తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మరి మెహర్ ఎట్లా రాబట్టుకోవాలి, ఖులా ఎప్పుడు కోరవచ్చు, ఇద్దత్ రోజుల్లో పోషణ ఎవరిది అని తెలుగులో అడగటానికి మా చెల్లెళ్లకు చోటేది? ఊళ్లో జమాత్ కూర్చుంటే ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడతాడు. పోలీస్ స్టేషన్‌కు పోతే అది మతం గొడవ అవుతుందని భయం. పేపరుకు పోతే సంఘం పరువు పోయిందంటారు. ఈ మూడు గడపల మధ్య ఆమె నిలబడి ఉంది.

పెద్ద సంస్థలు అక్కర్లేదు. రెండు గదులు, ఒక ఫోను చాలు. వినటం తెలిసిన విలేకరి ఒకరు, రాయటం తెలిసిన సలహాదారు ఒకరు కావాలి. అచ్చుపనో అనువాదాలో చేసి అద్దె కట్టుకోవచ్చు. ముంతాజ్ అలీ ప్రెస్సు చేసిందీ అదే. చెప్పింది ఆమె ఒప్పుకోకుండా బయటికి పోకూడదు. ఒప్పుకున్నది ఆమె మాటల్లోనే రావాలి. ఇంతే నియమం.

ముహమ్మదీ బేగం 1908లో, ముప్పై ఏళ్ల వయసులో చనిపోయింది. అరవై మందితో మొదలైన ఆ కాగితం ఆమె తర్వాత కూడా నలభై ఏళ్లు నడిచింది. మా గురించి మీరు రాసిన వార్తలన్నీ చదివాం. ఇక మా ఉత్తరాలు మేమే తెరుస్తాం. జవాబులూ మేమే రాస్తాం.