ఆరవ తరగతిలో ఎంతమంది? – పట్టణ పాఠశాలల్లో ఉర్దూ విద్యార్థుల సంఖ్య: ఒక చారిత్రక పరిశీలన

బద్ర్ సంగ్రామం (హిజ్రీ 2, క్రీ.శ. 624)లో పట్టుబడిన ఖైదీలలో పరిహారం చెల్లించలేనివారు, అక్షరాస్యులైనచో, పదేసి మంది మదీనా పిల్లలకు చదువను వ్రాయను నేర్పి విడుదల పొందవచ్చునని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిర్ణయించినట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

యాదృచ్ఛికమే గాని, స్వతంత్ర భారతంలో ఉర్దూ పిల్లల చదువుకు కూడా పది అనే సంఖ్యయే కొలబద్ద అయింది. తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తంలో 40 మంది గాని అల్పసంఖ్యాక భాషకు చెందిన పిల్లలున్నచో, ప్రాథమిక దశలో వారి మాతృభాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమించాలని 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. అయితే అదీ ప్రాథమిక దశకే పరిమితం.

ఈ పరిమితి ప్రభావం హైదరాబాదు చరిత్రలో స్పష్టంగా కనబడుతుంది. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను సైతం ఉర్దూలో బోధించింది. అందుకు కావలసిన గ్రంథాలను దారుత్తర్జుమా అనువదించింది. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన పిదప అక్కడి బోధనా భాష మారింది. నిచ్చెన పైమెట్లు ఆ విధంగా తొలగిపోగా, క్రింది మెట్లకు మాత్రమే రాజ్యాంగ రక్షణ మిగిలింది.

అందువలన అసలు పరీక్ష ఆరవ తరగతిలో ఎదురవుతుంది. ప్రాథమిక పాఠశాలలో ఒకే ఉపాధ్యాయుడు అన్ని పాఠాలూ చెప్పగలడు. ఆరు నుండి ఎనిమిది వరకు అది సాధ్యం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ఈ దశలో ప్రతి 35 మందికి ఒక ఉపాధ్యాయుడు, గణిత-విజ్ఞాన శాస్త్రాలకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు వేర్వేరుగా బోధకులు ఉండాలంటుంది. మాతృభాషా బోధన విషయంలో మాత్రం "వీలైనంత మేరకు" అని సరిపెట్టింది. పిల్లలు తక్కువైతే ఉపాధ్యాయుడు రాడు. ఉపాధ్యాయుడు లేడని తల్లిదండ్రులు పిల్లలను వేరే చోట చేర్పిస్తారు. సంఖ్య ఇంకా తగ్గుతుంది. స్తోమత లేని ఇంటి పిల్లవాడు పనికి పోతాడు, ఆడపిల్ల ఇంటనే ఉండిపోతుంది. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగవ వంతు మంది బడి ముఖం చూడనివారో, నడుమ మానివేసినవారో అని 2006లో సచార్ కమిటీ తెలిపింది. దీనికి పేదరికాది కారణాలు అనేకం. బోధనా భాష వాటిలో ఒకటి.

నివారణ మార్గాలు లేకపోలేదు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై రాష్ట్రాలు అంగీకరించిన ఏర్పాట్లలో విద్యార్థుల పేర్లను ముందుగా నమోదు చేయుట, ఒక బడిలో చాలని సంఖ్యను పొరుగు బడి పిల్లలతో కలిపి సర్దుబాటు చేయుట ఉన్నాయి. కాని ఇవి తల్లిదండ్రులు అడిగినప్పుడే పనిచేస్తాయి. ప్రవేశ పత్రంలో మాతృభాష అనే గడి ఖాళీగా ఉన్నచో ఆ పిల్లవాడు లెక్కలోకి రాడు.

కావున ప్రతి మొహల్లాలోని మస్జిదు కమిటీ, బడులు తెరవక మునుపే, అయిదవ తరగతి ముగించిన పిల్లల జాబితా సిద్ధం చేసి విద్యాధికారికి అందజేయుట అవసరం. విద్యార్జన విధి అని నమ్మే సమాజానికి ఈ లెక్క వ్రాయుట కూడా ఆ విధిలో భాగమే.