షెవ్రొలే బెల్ ఎయిర్
షెవ్రొలే బెల్ ఎయిర్ జనరల్ మోటార్స్ తయారుచేసిన పెద్దకారు. 1950లో ఈ పేరును రెండు తలుపుల హార్డ్‌టాప్ ఒక్కదానికే పెట్టారు. 1953 నుంచి అది షెవ్రొలేలో అన్నిటికన్నా ఖరీదైన శ్రేణి అయింది.

దాని వైభవమంతా 1955-57 మధ్యదే. 1955లో కొత్త బాడీతో పాటు, ఎడ్ కోల్ ఆధ్వర్యంలో రూపొందిన 265 ఘనపు అంగుళాల వి8 ఇంజన్ వచ్చింది. చిన్నది, తేలికైనది, చవకైనది కావడంతో ఆ ఇంజన్ వంశం దశాబ్దాల పాటు నిలిచింది. 1957 మోడల్‌లో అదనపు ధరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ కూడా దొరికేది. ఆ ఏటి కారులో పెట్రోలు పోసే మూత పైకి కనిపించదు. ఎడమవైపు తోకరెక్క చివర ఉన్న క్రోమ్ పట్టీ వెనక దాన్ని దాచారు.

1958లో బెల్ ఎయిర్‌లోనే మేలురకంగా వచ్చిన ఇంపాలా మరుసటి ఏడాది విడిపోయి పైస్థానాన్ని అందుకుంది. బెల్ ఎయిర్ మధ్యతరగతి కారైంది. కింద బిస్కేన్ ఉండేది. 1960ల తొలినాళ్లలో ఇంపాలానూ బెల్ ఎయిర్‌నూ వెనక నుంచే పోల్చుకోవచ్చు: ఇంపాలాకు పక్కకు మూడు దీపాలు, బెల్ ఎయిర్‌కు రెండే. హంగులు తగ్గినా పనికొచ్చే బండి కనుక టాక్సీలకూ పోలీసు శాఖలకూ బాగా అమ్ముడైంది. బిస్కేన్ 1972తో ఆగాక బెల్ ఎయిరే అట్టడుగు మోడల్‌గా మిగిలింది. అమెరికాలో 1975తో, కెనడాలో 1981తో దాని అమ్మకం ముగిసింది.

2009లో ఒక అమెరికన్ బీమా భద్రతా సంస్థ 1959 బెల్ ఎయిర్‌ను 2009 మాలిబూ కారుతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. పాతకారు ఇనుము గట్టిదన్న నమ్మకం అక్కడ తేలిపోయింది: బెల్ ఎయిర్‌లో డ్రైవరు కూర్చునే భాగమే నలిగిపోయింది.