కార్యాలయ వైఫై: యాక్సెస్ పాయింట్ల అమరికలో పాటించాల్సిన జాగ్రత్తలు

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక ఈ-మెయిల్ అందింది. దాని ఐపీ చిరునామా ఆధారంగా దర్యాప్తు అధికారులు నవీ ముంబయిలోని ఒక నివాసానికి చేరుకున్నారు. అక్కడి వైఫైకి తగిన రక్షణ లేనందువల్ల బయటివారు దానిని వాడుకున్నట్లు వెల్లడైంది. మరుసటి ఏడాది టెలికమ్యూనికేషన్ల శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ సేవా సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

వైఫై ద్వారా ఎవరు ఏ పని చేసినా, బయటి ప్రపంచానికి మొదట కనిపించేది కనెక్షన్ యజమాని చిరునామాయే. దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కార్యాలయాలు యాక్సెస్ పాయింట్లను అమర్చేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

యాక్సెస్ పాయింట్ అంటే ఏమిటి?

తీగల నెట్‌వర్క్‌ను రేడియో తరంగాల ద్వారా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అందించే పరికరమే యాక్సెస్ పాయింట్. ఇళ్లలో ఇది రౌటర్‌లోనే కలిసి ఉంటుంది. సంస్థల్లో సాధారణంగా వీటిని పైకప్పుకు విడిగా బిగిస్తారు. పీఓఈ సదుపాయమున్న స్విచ్ నుంచి ఒకే ఈథర్‌నెట్ కేబుల్ ద్వారా డేటా, విద్యుత్తు రెండూ అందుతాయి. ఈ కేబుల్ పొడవు 100 మీటర్లు మించకూడదు.

ఛానళ్ల ఎంపిక

భారత్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వైఫై వాడకానికి 2005 నుంచి లైసెన్సు అవసరం లేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఈ మినహాయింపును 2018లో విస్తరించారు. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం గోడలను దాటి ఎక్కువ దూరం వెళుతుంది. అయితే అందులో రద్దీ అధికం. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే కాగా, ఒక్కో సంకేతం సుమారు 20 మెగాహెర్ట్జ్ మేర విస్తరిస్తుంది. అందువల్ల పక్కపక్కనున్న యాక్సెస్ పాయింట్లకు ఒకదానితో ఒకటి కలవని 1, 6, 11 ఛానళ్లను కేటాయించడం ఆనవాయితీ.

ప్రసార శక్తిని గరిష్ఠ స్థాయిలో ఉంచడం మేలు చేయదు. యాక్సెస్ పాయింట్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది గానీ, ఫోన్ మాట యాక్సెస్ పాయింట్‌కు చేరదు. పైగా వ్యక్తి మరో గదికి వెళ్లినా ఫోన్ పాత యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని ఉంటుంది.

అతిథులకు వేరే దారి

ఉద్యోగులకు ఒక వైఫై పేరు, అతిథులకు మరో పేరు పెట్టినంత మాత్రాన నెట్‌వర్క్‌లు వేరు కావు. రెండూ ఒకే నెట్‌వర్క్‌లోకి దారితీస్తే అతిథి ఫోన్ నుంచి బిల్లింగ్ కంప్యూటర్‌ను చేరుకునే అవకాశం ఉంటుంది. ప్రతి పేరునూ వేర్వేరు వీల్యాన్‌కు అనుసంధానించాలి. యాక్సెస్ పాయింట్‌ను కలిపిన స్విచ్ పోర్టు ఆ వీల్యాన్లన్నింటినీ అనుమతించాలి. అతిథుల వీల్యాన్ నుంచి ఇంటర్నెట్‌కు తప్ప లోపలి చిరునామాలకు దారి లేకుండా ఫైర్‌వాల్‌లో నియమం పెట్టాలి. అతిథుల పరికరాలు ఒకదానినొకటి చేరకుండా క్లయింట్ ఐసొలేషన్‌ను ప్రారంభించాలి.

పాస్‌వర్డ్ అందరికీ ఒకటేనా?

ఒకే పాస్‌వర్డ్‌ను అందరూ వాడుతుంటే, ఒక ఉద్యోగి సంస్థను వీడినప్పుడు అన్ని పరికరాల్లోనూ దానిని మార్చాల్సి వస్తుంది. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంటర్‌ప్రైజ్ విధానంలో ప్రతి ఉద్యోగికీ సొంత గుర్తింపు ఉంటుంది. రేడియస్ సర్వర్ దానిని సరిచూస్తుంది. వెళ్లిపోయిన వారి ఖాతాను మాత్రమే తొలగిస్తే సరిపోతుంది. నకిలీ యాక్సెస్ పాయింట్ వలలో పడకుండా, సర్వర్ సర్టిఫికెట్‌ను తనిఖీ చేసేలా ఉద్యోగుల పరికరాలను అమర్చాలి.

డబ్ల్యూఈపీ విధానం బలహీనమైనదని 2001లోనే తేలింది. దానిని వాడరాదు. డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయాలి. తయారీదారు ఇచ్చిన నిర్వాహక పాస్‌వర్డ్‌ను తొలిరోజే మార్చాలి. వైఫై పేరును దాచిపెట్టడం రక్షణ కాదు.

లాగ్‌ల భద్రత

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. పరికరాల గడియారాలు నిర్దేశిత సమయ సర్వర్లతో సరిపోలాలి. గడియారం తప్పుగా ఉంటే, ఏ సమయంలో ఎవరు కనెక్ట్ అయ్యారో లాగ్ ద్వారా నిరూపించడం కష్టం.

అమరిక పూర్తయ్యాక అతిథి నెట్‌వర్క్‌కు ఒక ఫోన్‌ను కలిపి, కార్యాలయ ప్రింటర్ చిరునామాను తెరిచి చూడాలి. పేజీ తెరుచుకుంటే వీల్యాన్, ఫైర్‌వాల్ అమరికలను మళ్లీ సరిచూడాలి.