రోమ్ మెట్ల దగ్గర డాఫ్నీ

1960 సెప్టెంబర్. రోమ్‌లో ఒలింపిక్స్ ముగిసిన వారానికి, అదే క్రీడాగ్రామంలోకి 23 దేశాల నుంచి సుమారు 400 మంది వీల్‌చైర్లతో వచ్చారు. వాళ్ళకిచ్చిన బిల్డింగులేమో స్తంభాల మీద లేపి కట్టినవి. పైకి పోవాలంటే మెట్లే దిక్కు. చివరికి ఇటలీ సైనికులే వాళ్ళని మెట్ల మీదుగా మోసుకుంటూ పైకీ కిందకీ చేర్చారు.

ఆ వచ్చినవాళ్ళలో ఆస్ట్రేలియా జట్టు 12 మంది. 11 మంది మగవాళ్ళు, ఒకే ఒక్క ఆడమనిషి. ఆవిడ పేరు డాఫ్నీ సీనీ, పెళ్ళయ్యాక డాఫ్నీ హిల్టన్. ఎపిసోడ్‌లో డిలన్ ఆల్కాట్ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం, ఈవిడ దగ్గరికొచ్చేసరికి టైం అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

డాఫ్నీది న్యూ సౌత్ వేల్స్‌లో హార్డెన్-మరంబరా అనే పల్లెటూరు. 1951లో, 17 ఏళ్ళ వయసులో గుర్రం మీంచి పడి వెన్ను విరిగింది. అప్పటికి వెన్నుపూస దెబ్బతింటే మనిషి మంచానికే పరిమితం అనుకునే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఆ పద్ధతిని మార్చారు. ఆటనే వైద్యం చేశారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. అదే పెరిగి పెరిగి రోమ్ దాకా వచ్చింది. దాన్ని మొదటి పారాలింపిక్స్ అని తర్వాతెప్పుడో అన్నారు గానీ, ఆ రోజున అది అంతర్జాతీయ స్టోక్ మాండెవిల్ ఆటల తొమ్మిదో ఏడు, అంతే.

రోమ్‌లో ఆస్ట్రేలియాకి మూడు బంగారాలొచ్చాయి. ఒకటి విలువిద్యలో రాస్ సటన్‌ది. మిగతా రెండూ ఈతలో డాఫ్నీవే. 1960, 1964 టోక్యో, 1968 టెల్ అవీవ్, ఈ మూడు పోటీలూ కలిపి ఆవిడకి 14 పతకాలు. ఈత, అథ్లెటిక్స్, విలువిద్య, కత్తిసాము, టేబుల్ టెన్నిస్, అన్నిట్లోనూ దిగారు.

ఇక్కడే చాలామంది ఒక మాటంటారు: "అప్పట్లో పోటీ ఎక్కడుంది? నలుగురొస్తే ముగ్గురికి పతకం." పోటీకొచ్చేవాళ్ళు తక్కువే, కాదనను. కానీ ఎందుకు తక్కువో కూడా చూడాలి కదా. ఆటగాళ్ళ గ్రామానికే మెట్లున్న కాలంలో ఇల్లు దాటి, ఊరు దాటి, సముద్రాలు దాటి అక్కడికి చేరినవాళ్ళు ఎందరుంటారు? ఆడవాళ్ళ వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ పారాలింపిక్స్‌లోకి వచ్చిందే 1968లో. అందుకే ఉన్న ఆటలన్నీ ఆడారు. ఏ తలుపు తెరిచుంటే అందులోకి వెళ్ళారు.

మనవాళ్ళదీ అదే కథ. 1968 టెల్ అవీవ్‌కి భారతదేశం మొదటిసారి జట్టును పంపింది. అందులో 1965 యుద్ధంలో గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ టేబుల్ టెన్నిస్ ఆడారు. నాలుగేళ్ళకి హైడెల్‌బర్గ్‌లో ఈతలో దేశానికి మొదటి పారాలింపిక్ బంగారం తెచ్చారు.

ఆల్కాట్ కూడా రెండాటల మనిషే. 2008లో బాస్కెట్‌బాల్ బంగారం, 2016లో టెన్నిస్‌లో రెండు. 2021లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ, టోక్యో బంగారమూ ఒకే ఏడాది. 2022లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్. ఆయన ఒక ఆట వదిలి ఇంకో ఆటని కోరి ఎంచుకున్నారు. డాఫ్నీకి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ తేడా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. మధ్యలో చాలామంది చెయ్యి వేశారు. రోమ్ జట్టులోనే ఉన్న పెర్త్ మనిషి ఫ్రాంక్ పొంటా తర్వాత కోచ్ అయ్యి లూయిస్ సావేజ్‌కి నేర్పారు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్ జ్యోతి వెలిగించింది ఆ సావేజే.

నేను చేసేది కట్టడాల పని, కాబట్టి రోమ్ మెట్లు నన్ను వదలవు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ర్యాంపుకి లెక్క ఉంది: అడుగు ఎత్తుకి కనీసం 14 అడుగుల పొడవు. మూడడుగుల ఎత్తెక్కాలంటే 42 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును జాగా. సైట్‌లో మావాళ్ళు "ఇంత పొడవెందుకు సార్, స్థలం దండగ" అని గొణుగుతారు. ఒకప్పుడు నేనూ గొణిగినవాణ్ణే. ఊళ్ళో నేను కట్టించిన ఇళ్ళన్నిటికీ ముందు మూడు మెట్లు. ఒక్కదానికీ ర్యాంపు లేదు, ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

డాఫ్నీ 2016లో పోయారు. ఆవిడ పతకాలు లెక్కపెట్టేటప్పుడు ఆ మెట్లు కూడా లెక్కలో వేసుకోండి.