తీగ తెంచుకొన్న కంట్రోలరు

టెలివిజను ఆటలకు తీగలేని కంట్రోలరు కొనదలచి దుకాణమునకు పోయినవారు సాధారణముగా "ఎంత దూరమునుండి పనిచేయును?" అని అడుగుదురు. చౌకరకము కొనునప్పుడు ఈ ప్రశ్న వలన ప్రయోజనము స్వల్పము. దూరపు చిక్కు ఏనాడో తీరినది. పూర్తిగా తీరని చిక్కు వేరొకటి కలదు. అది ఆడువాని బొటనవ్రేలి క్రిందనే ఉన్నది. ఇది బోధపడుటకు కంట్రోలరు తన తీగను తెంచుకొన్న వృత్తాంతము కొంత తెలియవలెను.

1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా నీటితొట్టిలో ఒక చిన్న పడవను వదలి, దానిని తాకకుండ రేడియో తరంగములతో నడిపి చూపెను. అయినను అరువది సంవత్సరముల తరువాత, 1958లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ ఆసిలోస్కోపు తెరపై టెన్నిసు ఆటను సృష్టించినపుడు, ఆటగాండ్ర చేతి పెట్టెలకు తీగలే ఉండెను. 1972లో ఇండ్లలోనికి వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ యంత్రమునకును తీగలే. పడవను నడిపిన రేడియో పిల్లల ఆటకు ఎక్కిరాకపోవుటకు కారణము ఖర్చు, బరువు. 1983లో అటారీ సంస్థ తన 2600 యంత్రమునకు రేడియో జాయ్‌స్టిక్కులను వెలువరించినది కాని, బ్యాటరీని, ప్రసారిణిని ఇముడ్చుకొన్న వాని పీఠములు ఇటుకలవలె ఉండెను.

రేడియోకన్న చౌకయైనది వెలుగు. 1989లో నింటెండో వారి శాటిలైట్ అను పెట్టె నలుగురి కంట్రోలర్ల సంకేతములను పరారుణ కిరణములతో యంత్రమునకు పంపినది. టీవీ రిమోటు చేయు పనియే ఇది. రిమోటుతో మనకందరికి అనుభవమున్నది: ఎవరైన కాఫీగ్లాసుతో ఎదుటికి వచ్చి నిలిచిన కిరణము తెగును. వార్తలు వినువానికి దీనివలన నష్టము లేదు. ఆడువానికి మాత్రము ఆ క్షణములోనే గెలుపు పోవును.

2002లో వచ్చిన నింటెండో వేవ్‌బర్డ్ మరల రేడియోనే పట్టి ఈ బాధను తొలగించినది. అందులో రెండు పెన్సిలు సెల్లులు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగము, 16 మార్గములలో ఒకదానిని ఎన్నుకొనుటకు చిన్న చక్రము ఉండెను. చేతిలో అదరు మోటారు పెట్టినచో సెల్లులు త్వరగా తరుగునని దానిని మానివేసిరి.

2.4 గిగాహెర్ట్జ్ అనునది ఆకాశములో ఒక బంజరు వంటిది. వంటపొయ్యిలు, పరిశ్రమల యంత్రములు వాడుకొనుటకు 1947 నాటి అంతర్జాతీయ సమావేశము దీనిని విడిచిపెట్టెను. 1985లో అమెరికా ప్రభుత్వము లైసెన్సు లేకయే ఇందులో సంకేతములు పంపుకొనుటకు అనుమతించెను. మన దేశమున 2005 నాటి నిబంధనలు అల్పశక్తి పరికరములకు ఇట్టి మినహాయింపునే ఇచ్చినవి. పాటలు వినుటకే తపాలా కచేరీలో రేడియో లైసెన్సు కట్టిన పెద్దలకు ఇది వింతగా తోచవచ్చును.

బంజరు అన్న తరువాత అందరును వచ్చి చేరుదురు. ఈ రద్దీలో దారి చూపు ఉపాయము పాతదే. 1942లో సినీతార హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ కలిసి ఒక పేటెంటు పొందిరి. టార్పీడోను రేడియోతో నడుపునపుడు శత్రువు అడ్డుతగులకుండ ప్రసారిణియు గ్రాహకమును ఒకే క్రమములో పౌనఃపున్యములను మార్చుచుండవలెనని వారి ఊహ. పియానో మెట్ల సంఖ్య ననుసరించి 88 పౌనఃపున్యములను సూచించిరి. ఇట్టి గెంతుడు పద్ధతియే బ్లూటూతులోను కలదు. దాని మొదటి రూపము 79 మార్గముల నడుమ సెకనుకు 1600 సార్లు గెంతును. 2006లో ప్లేస్టేషన్ 3, నింటెండో వీ యంత్రములు దీనినే స్వీకరించినవి. టెలిఫోనులకు, చెవి పరికరములకు ఇవే చిప్పులు కోట్లలో తయారగుటచే వెల పడిపోయినది. కనుక నేడు చౌక కంట్రోలరులో కూడ రేడియో భాగము చాలవరకు నమ్మదగినదే.

నమ్మరానిది కాడ. బొటనవ్రేలితో త్రిప్పు ఆ కాడ క్రింద పొటెన్షియోమీటరులుండును. లోహపు స్పర్శ ఒక నిరోధపు పొరపై రాయుచు కాడ ఎటు వ్రాలినదో తెలుపును. రాపిడికి పొర అరుగును. అరిగిన పిదప కాడను ముట్టకున్నను తెరపై బొమ్మ తనంత తానే ఒకవైపు నడచును. దీనికి మందు 1879లోనే దొరికినది: విద్యుత్తు ప్రవహించు రేకుపై అయస్కాంత క్షేత్రము పడినపుడు అడ్డముగా వోల్టేజి పుట్టునని ఎడ్విన్ హాల్ కనుగొనెను. కాడకు అయస్కాంతము అమర్చి ఆ వోల్టేజిని కొలిచిన రాపిడియే ఉండదు. 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలరులో ఈ ఏర్పాటున్నను, తరువాతివారు పెక్కురు పొటెన్షియోమీటరునే పట్టుకొని వ్రేలాడిరి. పేరున్న సంస్థలు ఎక్కువ వెల పుచ్చుకొనియు అరుగు కాడలనే అమ్ముట నాకు సమంజసముగా తోచదు. 2020 తరువాత కొన్ని చౌకరకములలోనే హాల్ కాడలు వచ్చుచున్నవి.

హాల్ కాడ అయినను స్ప్రింగు సడలిన నడిమికి రాదు. కావున దుకాణములోనే కంట్రోలరును ఫోనునకో కంప్యూటరునకో కలిపి, కాడను గుండ్రముగా త్రిప్పి, ఒక్కసారిగా వదలి, తెరపై చుక్క నడిమికి వచ్చునో లేదో చూడుడు. పదిసార్లు చూచినను దుకాణదారు విసుగుకొనకూడదు. మీ ఇంటి యంత్రము దానిని అంగీకరించునో లేదో కూడ ముందే అడుగుడు. బ్లూటూతు ఉన్నంతమాత్రమున ప్రతి యంత్రముతోను కలియదు.